పీ0299 కోడ్ వచ్చింది, టర్బో మార్చేయాలా? డీజిల్ పికప్‌లో బూస్ట్ తగ్గితే చూడాల్సిన వరస

మీ ప్రశ్న సారాంశం ఇదీ: లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ పికప్. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు, వెనక నల్ల పొగ కొంచెం కనిపిస్తోంది. కాసేపటికి ఇంజిన్ లైట్ వెలిగి శక్తి సగానికి పడిపోతోంది. స్కానర్‌లో పీ0299 వస్తోంది. కోడ్ చెరిపేస్తే ఒకటి రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికే. మెకానిక్ టర్బో మార్చాలంటున్నారు. మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన లక్షణాలకు నా మొదటి అనుమానం టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (నొక్కిన గాలిని చల్లబరిచే భాగం), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే హోస్‌ల మీద. రెండోది టర్బో లోపలి వేన్లను (ఎగ్జాస్ట్ దారిని ఇరుకు, వెడల్పు చేసే కదిలే రెక్కలు) కదిపే యాక్చుయేటర్, దాని వాక్యూమ్ పైపులు, ఆ వాక్యూమ్‌ను అదుపు చేసే కరెంటు వాల్వు, అంటే సోలెనాయిడ్ మీద. టర్బో నిజంగానే అరిగిపోయిన బండ్లు లేకపోలేదు. కానీ వాటిలో బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి పీడనం) తగ్గడం ఒక్కటే ఉండదు. సైరన్ లాంటి కూత, నీలం పొగ, ఆయిల్ తగ్గడం లాంటి ఇంకో గుర్తు ఏదో ఒకటి తోడుగా ఉంటుంది. మీరు అవేవీ రాయలేదు.

పీ0299 అంటే టర్బో పోయిందని కాదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈసీయూ, ఇంత బూస్ట్ కావాలని అడిగింది, కొంతసేపు చూసింది, అంత రాలేదు. ఆ కోడ్ చెప్పేది అంతవరకే. ఎందుకు రాలేదో దానికి తెలియదు. అది తెలుసుకోవడం మన పని.

ఇక్కడ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. టర్బో తనంతట తాను శక్తి పుట్టించదు. డీజిల్ కాలితే వేడి ఎగ్జాస్ట్ వస్తుంది. అది టర్బైన్‌ను తిప్పుతుంది. అదే షాఫ్ట్ మీద ఉన్న కంప్రెసర్ గాలిని నొక్కి హోస్‌లలోంచి, ఇంటర్‌కూలర్‌లోంచి సిలిండర్లకు పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా మీటర్ మీద కనిపించేది ఒకటే, తక్కువ బూస్ట్. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా బూస్ట్ తగ్గుతుంది, ఎందుకంటే కాలడానికి ఇంధనం లేకపోతే టర్బైన్‌కు తోపు ఉండదు.

కోడ్ చెరపడం ఆపేయండి. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, వేగం ఎంత, ఇంజిన్ లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నది ఈసీయూ ఒక ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపిన ప్రతిసారీ ఆ ఆధారం కూడా పోతోంది. ఈసారి కోడ్ వచ్చాక ముందు ఆ వివరాలు రాసిపెట్టుకోండి. 1800 ఆర్‌పీఎం దగ్గర పడిన కోడ్‌కూ 3400 దగ్గర పడిన కోడ్‌కూ కారణాలు చాలాసార్లు వేరుగా ఉంటాయి. కింది ఆర్‌పీఎంలోనే బూస్ట్ లేదంటే వేన్లు తెరుచుకుని ఉండిపోయాయేమో చూడాలి. కింద బాగుండి పైన పడిపోతుంటే లీకు, మూసుకుపోయిన ఫిల్టర్, ఇంధనం చాలకపోవడం, ఎగ్జాస్ట్ అడ్డు గుర్తుకు రావాలి. పక్కన ఇంకేమైనా కోడ్లు ఉన్నాయా అన్నది కూడా ముఖ్యం. పీ0299తో పాటు పీ0087 ఉంటే రైల్ పీడనం (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి) తక్కువని, పీ0045 ఉంటే బూస్ట్ కంట్రోల్ సర్క్యూట్‌లో తేడా అని, పీ2463 ఉంటే ఎగ్జాస్ట్ మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్‌లో మసి పేరుకుందని అర్థం. అలాంటప్పుడు పక్క కోడ్‌ను ముందు తేల్చాలి. పీ0299 దాని వెనకాల వచ్చినదై ఉండొచ్చు.

ఇప్పుడు కొలత. బండి ఆపి న్యూట్రల్‌లో రేజ్ చేసి, "చూడండి, బూస్ట్ రావడమే లేదు" అని చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజిన్ మీద భారం ఉండదు. కాలే డీజిల్ తక్కువ, ఎగ్జాస్ట్‌లో వేడీ తక్కువ. కొత్త టర్బో అయినా అక్కడ పెద్దగా ఏమీ ఇవ్వదు. కొలవాల్సింది రోడ్డు మీద, లోడులో. రద్దీ లేని రోడ్డు చూసుకుని, స్కానర్ చూడటానికి పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, మూడో గేరో నాలుగో గేరో వేసి, 1500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 3500 దాకా లాగండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో గేరు పట్టి ఉంచండి. రికార్డు చేయాల్సినవి: ఆర్‌పీఎం, పెడల్ శాతం, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేన్ కమాండ్ (వేన్లకు ఈసీయూ ఇచ్చే ఆదేశం), మాఫ్ రీడింగ్ (లోపలికి వచ్చే గాలి కొలత), అడిగిన రైల్ పీడనం, వచ్చిన రైల్ పీడనం. ఇంజిన్ బాగా వేడెక్కాకే చేయండి.

రీడింగ్ చదవడంలో రెండు చోట్ల జనం పొరబడతారు. మొదటిది, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ చూపేది మొత్తం పీడనం. బయటి గాలి పీడనం కూడా అందులో కలిసే ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర అది దాదాపు 101 కిలోపాస్కల్స్. స్క్రీన్ మీద 200 ఉంటే అసలు బూస్ట్ 99, అంటే సుమారు 1 బార్. పీఎస్ఐలో చెప్పాలంటే 14 పైచిలుకు. 1500 మీటర్ల ఎత్తున్న ఊళ్లో బయటి పీడనమే 84, 85 దగ్గర ఉంటుంది, కాబట్టి అక్కడ లెక్క మారుతుంది. రెండోది, బండి కంప్యూటర్ డేటా చూపే మామూలు ఓబీడీ యాప్‌లో మ్యాప్ రీడింగ్ 255 కిలోపాస్కల్స్ దాటి చూపదు. ఆ ప్రామాణిక రీడింగ్‌కు కేటాయించిన చోటే అంత. బూస్ట్ 1.5 బార్ దాటిందంటే అది 255 దగ్గరే ఆగిపోతుంది, మీరేమో ఇంతకు మించి రావడం లేదని కంగారుపడతారు. కంపెనీ డేటా చదవగలిగే స్కానర్ దొరికితే దాంతోనే చూడండి. అందులో అడిగిన బూస్ట్ కూడా కనిపిస్తుంది, మనకు అసలు కావాల్సింది అదే.

సెన్సర్ నిజం చెబుతోందో లేదో తేల్చడం చాలా తేలిక. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి మ్యాప్ రీడింగ్‌నూ బయటి పీడనం రీడింగ్‌నూ పక్కపక్కన చూడండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. పది, పదిహేను కిలోపాస్కల్స్ తేడా ఉంటే టర్బో సంగతి తర్వాత, ముందు సెన్సర్, దాని వైరు చూడాలి. ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్‌ను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజిన్లలో మ్యాప్ సెన్సర్ ముక్కుకు నల్లటి జిగురు మసి పట్టేస్తుంది. అప్పుడు రీడింగ్ తప్పు కాకపోయినా ఆలస్యంగా పైకి లేస్తుంది. విప్పి, సెన్సర్ క్లీనర్‌తో మెల్లగా కడిగి ఆరబెట్టి పెట్టండి. లోపల సూది, పిన్ను లాంటివి పెట్టి గీకకండి.

ఇక రోడ్డు మీద తీసిన లాగ్, అంటే రికార్డు చేసిన రీడింగులు. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ ఒకే గ్రాఫ్ మీద పెట్టి చూడటమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పని.

అడిగింది ఎక్కువ, వచ్చింది తక్కువ అయితే లీకు, యాక్చుయేటర్, అడ్డు, టర్బో వైపు వెళ్లాలి. అడిగిందే తక్కువగా ఉండి, వచ్చింది దానికి సరిపోతుంటే మీ టర్బో చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. ఈసీయూ ఎందుకు తక్కువ అడుగుతోందో చూడాలి. బండి అప్పటికే లింప్ మోడ్‌లో (ఇంజిన్‌ను కాపాడటానికి శక్తి తగ్గించే స్థితిలో) ఉండొచ్చు, పెడల్ 100 శాతం చూపకపోవచ్చు, ఇంజిన్ వేడి ఎక్కువ కావచ్చు, రైల్ పీడనం చాలక ఇంధనం తగ్గించి ఉండొచ్చు, మాఫ్ తక్కువ చూపుతుండొచ్చు. ఈ రెండో రకం బండ్లకు టర్బో మార్చి చేతులు కాల్చుకున్నవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. మూడో రకం కూడా ఒకటుంది: బూస్ట్ ముందు వెనకబడి, తర్వాత ఒక్కసారిగా అడిగిన దాన్ని దాటి ఎగిరి, మళ్లీ కిందికి పడుతుంది. ఇది దాదాపు ఎప్పుడూ వేన్లు మసితో బిగుసుకుని తటపటాయిస్తూ కదలడమే. ఈ బండ్లలో కొన్నిసార్లు పీ0299, కొన్నిసార్లు ఓవర్‌బూస్ట్ కోడ్ పీ0234 మారి మారి వస్తాయి.

లింప్ మోడ్ గురించి ఒక మాట. ఆ మోడ్‌లోకి వెళ్లాక తీసిన లాగ్ దేనికీ పనికిరాదు. అప్పుడు ఈసీయూ కావాలనే బూస్ట్ తగ్గిస్తుంది. చాలా బండ్లలో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడుస్తుంది. ఆ కాసేపట్లోనే లాగ్ తీయాలి.

హోస్ విప్పకుండానే లీకు ఉందో లేదో అంచనా వేసే లెక్క ఒకటి నేను తరచూ వాడతాను. మాఫ్ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉంటుంది, లోపలికి వచ్చిన గాలిని కొలుస్తుంది. మ్యాప్ సెన్సర్ చివర్లో, ఇంజిన్ దగ్గర ఉంటుంది. మధ్యలో గాలి పారిపోతే ఈ రెండిటి లెక్క కలవదు. ఉదాహరణకు 2.5 లీటర్ల ఇంజిన్, 3000 ఆర్‌పీఎం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లన్నీ నిండుతాయి, అంటే నిమిషానికి 3750 లీటర్లు. 90 శాతం నిండుతుందనుకుంటే 3375. మ్యాప్ 200 కిలోపాస్కల్స్, ఇంటర్‌కూలర్ తర్వాత గాలి వేడి 50 డిగ్రీలు అయితే ఆ గాలి లీటరుకు సుమారు 2.16 గ్రాములు తూగుతుంది. గుణిస్తే నిమిషానికి 7290 గ్రాములు, సెకనుకు దాదాపు 121 గ్రాములు. మాఫ్ కూడా ఆ దరిదాపుల్లో చూపిస్తే పెద్ద లీకు లేదు. మాఫ్ 150 చూపిస్తుంటే ఆ తేడా గాలి ఎక్కడికో పోతోంది. మాఫ్ 85 చూపిస్తే మాఫ్ మురికి పట్టిందేమో, లేదా ఈజీఆర్ మూసుకోక ఎగ్జాస్ట్ గాలి లోపలికి కలుస్తోందేమో. పూర్తి యాక్సిలరేటర్‌లో ఈజీఆర్ మూసి ఉండాలి, అందుకే ఈ లెక్క అక్కడే వేయాలి. ఇది అణాపైసలతో కలిసే లెక్క కాదు, పదిశాతం అటూ ఇటూ వదిలేయండి.

లీకు ఉన్నప్పుడు నల్ల పొగ ఎందుకంటే, చాలా ఈసీయూలు మాఫ్ చెప్పిన గాలికి తగ్గ డీజిల్ ఇస్తాయి. ఆ గాలిలో కొంత హోస్ చిరుగులోంచి బయటికి పోతే డీజిల్ మిగిలిపోయి మసిగా కాలుతుంది. ఇంకో సంగతి, మీ బండికి డీపీఎఫ్ ఉండి, అది బాగుంటే వెనక నల్ల పొగ కనిపించనే కూడదు. కనిపిస్తోందంటే ఫిల్టర్ లోపల పగిలిందో, ఎవరో తీసేశారో చూడాలి.

హోస్‌ల పరీక్షకు వద్దాం. కళ్లతో చూసి హోస్ బాగుందని తేల్చేయడం కుదరదు. చాలా చిరుగులు ఒత్తిడి పడితేనే నోరు తెరుస్తాయి, ఐడిల్‌లో మూసుకునే ఉంటాయి. చిరుగు ఎక్కువగా హోస్ అడుగు వైపు, లేదా క్లాంప్ కింద ఉంటుంది. చేత్తో అడుగున తడిమి చూడండి. ఆయిల్ తడి మీద దుమ్ము అంటుకుని నల్లగా చారలు కట్టి ఉంటే అనుమానించండి. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) ఆవిరి ఇన్‌టేక్‌లోకి వచ్చే ఇంజిన్లలో హోస్ లోపల పల్చటి ఆయిల్ పూత మామూలే, అది చూసి టర్బో సీలు పోయిందనుకోవద్దు. అదే ఆయిల్ బయటికి చిమ్మిందంటే మాత్రం గాలి కూడా అక్కడి నుంచే పోతోంది. నా దగ్గరికి వచ్చిన ఒక పికప్‌లో హోస్ బయటికి కొత్తదానిలా ఉంది. లోపలి పొర ఊడి, గాలి వేగం పెరిగినప్పుడు నాలుకలా లేచి దారి మూసేస్తోంది. లీకు లేదు, కానీ బూస్ట్ లేదు. విప్పి లోపల వేలు పెట్టి చూస్తే గానీ అది దొరికేది కాదు.

సరైన పద్ధతి ప్రెషర్ టెస్ట్. ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు విప్పి, టర్బో నోటికి మూత బిగించి, రెగ్యులేటర్‌తో మెల్లగా గాలి ఎక్కించాలి. 0.7 బార్ సరిపోతుంది, 1 బార్ దాటొద్దు. రెగ్యులేటర్ లేకుండా కంప్రెసర్ గొట్టం నేరుగా పెట్టడం ప్రమాదం. మూత ఎగిరిపడితే ముఖానికి తగులుతుంది, దాని ఎదురుగా నిలబడొద్దు. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు ఇన్‌టేక్‌కు కలిసే చోట మూసేయండి, లేకపోతే గాలి ఇంజిన్ లోపలికి పోయి సీళ్ల మీద పడుతుంది. ఆయిల్ పోసే మూత కూడా తీసి ఉంచండి. తెరిచి ఉన్న వాల్వులు, పిస్టన్ రింగుల మీదుగా కొంత గాలి పోవడం సహజం, ఆ మూత దగ్గర సన్నగా బుసకొడితే భయపడొద్దు. తర్వాత సబ్బు నీళ్లు. ప్రతి క్లాంప్, ప్రతి బెండ్, ఇంటర్‌కూలర్ రెండు చివర్లలో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంకు కలిసే అతుకు, ఈజీఆర్ దగ్గర గ్యాస్కెట్, మ్యాప్ సెన్సర్ ఓరింగు. ఇంటర్‌కూలర్ ముందు భాగానికి రాళ్లు తగులుతాయి. దాన్ని బండి మీదే చూడటం కష్టమనిపిస్తే విప్పి నీళ్లలో ముంచండి.

చిన్న లీకే కదా అని నడిపేయకండి. బూస్ట్ తగ్గిందని ఈసీయూ వేన్లను ఇంకా మూసి టర్బోను ఇంకా వేగంగా తిప్పుతుంది. ఇంత చిన్న టర్బోలు మామూలుగానే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి. లీకుతో నెలల తరబడి పరిగెత్తిస్తే అప్పుడు నిజంగానే టర్బో పోతుంది. ఆ టర్బో మార్చి హోస్ మార్చకపోతే కొత్తదానికీ అదే గతి.

లీకు లేదని తేలితే వేన్లను కదిపే వ్యవస్థ. మీ బండి ఏ రకమో ముందు చూసుకోండి. టర్బో పక్కన గుండ్రటి డబ్బా, దానికి సన్నటి రబ్బరు పైపు ఉంటే వాక్యూమ్ రకం. మోటారు లాంటి పెట్టె, దానికి వైర్ల కనెక్టర్ ఉంటే ఎలక్ట్రిక్ రకం. పాత బండ్లలో వేన్లు ఉండవు, వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను టర్బైన్ పక్కనుంచి వదిలే గేటు) ఉంటుంది. దాని డబ్బా బూస్ట్ పీడనంతోనే పనిచేస్తుంది. ఈ తేడా తెలియక తలకిందులుగా వెతికేవాళ్లున్నారు. వాక్యూమ్ వీజీటీలో (వేన్లున్న టర్బోలో) చాలావరకు పైపు ఊడితే వేన్లు తెరుచుకుపోయి బూస్ట్ తగ్గుతుంది. మామూలు వేస్ట్‌గేట్‌లో డబ్బాకు వెళ్లే పైపు ఊడితే గేటు తెరుచుకోక బూస్ట్ పెరిగిపోతుంది. వేస్ట్‌గేట్‌లో బూస్ట్ తగ్గాలంటే గేటు పూర్తిగా మూసుకోకుండా నిలిచిపోవాలి, లేదా డబ్బాలో స్ప్రింగు బలహీనపడాలి.

వాక్యూమ్ రకానికి చేతి వాక్యూమ్ పంపు ఒకటి కొనుక్కోండి, ఇలాంటి పనులకు అంతకన్నా మంచి పెట్టుబడి లేదు. ముందు ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాక్యూమ్ పంపు దగ్గర మీటర్ పెట్టండి. సముద్ర మట్టం దగ్గర 25 అంగుళాల పాదరసం చుట్టుపక్కల కనిపించాలి. ఎత్తు ప్రదేశాల్లో ఇంకొంచెం తక్కువ. అక్కడ బాగుంటే సోలెనాయిడ్ దాకా, సోలెనాయిడ్ నుంచి యాక్చుయేటర్ దాకా ఒక్కో అతుకూ చూసుకుంటూ రండి. తర్వాత యాక్చుయేటర్‌కు చేతి పంపు తగిలించి మెల్లగా లాగండి. రాడ్ ఎక్కడా తట్టుకోకుండా నున్నగా మొదటి నుంచి చివరిదాకా రావాలి. లాగి వదిలేస్తే ఒక నిమిషం పాటు సూది కిందికి జారకూడదు. జారితే డబ్బా లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్, చిరిగింది. సూది నిలిచి, రాడ్ మాత్రం మధ్యలో ఆగి ఆగి కదిలితే లోపల వేన్ల రింగు మసితో, తుప్పుతో బిగిసింది.

ఇంజిన్ వేడి ఇక్కడ మోసం చేస్తుంది. ఒక బండి పొద్దున్నే బాగుంటుంది, అరగంట తిరిగాక శక్తి పోతుంది, చల్లారితే మళ్లీ మామూలే. దానికి హోస్‌లు మార్చారు, మ్యాప్ సెన్సర్ మార్చారు. నా దగ్గర చల్లటి ఇంజిన్ మీద అన్ని పరీక్షలూ పాసయింది. వేడి మీద మళ్లీ చూస్తే సోలెనాయిడ్ నుంచి వచ్చే వాక్యూమ్ సగానికి సగం పడిపోయింది. కాయిల్ వేడెక్కి వాల్వును సరిగా లాగలేకపోతోంది. అందుకే మీ బండికి కూడా ఈ పరీక్ష బాగా తిరిగొచ్చాక, లక్షణం కనిపిస్తున్నప్పుడు చేయించండి. చేతికి గ్లవుజులు తప్పనిసరి, ఎగ్జాస్ట్ పక్కనే పని.

ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ అయితే స్కానర్‌తో కదిపి చూడాలి. కమాండ్ చేసిన స్థానం, చేరిన స్థానం పక్కపక్కన కనిపిస్తాయి. లోపలి ప్లాస్టిక్ గేర్లు అరగడం, కనెక్టర్‌లో నీళ్లు చేరడం మామూలు జబ్బులు. మార్చాక కాలిబ్రేషన్ చేయకపోతే కొత్తది కూడా తప్పుగానే కదులుతుంది. కమాండ్ శాతం చదివేటప్పుడు జాగ్రత్త, కొన్ని కంపెనీలకు ఎక్కువ శాతమంటే వేన్లు మూత, కొన్నిటికి తెరుపు.

రాడ్ పొడవు తిప్పి, లేదా టర్బో మీద ఉన్న స్టాప్ స్క్రూ తిప్పి బూస్ట్ పెంచుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ స్క్రూ ఫ్యాక్టరీలో గాలి ప్రవాహం కొలుస్తూ బిగించినది. దాన్ని కదిపాక మళ్లీ అదే చోటికి తేవడం గ్యారేజీలో అయ్యే పని కాదు. అసలు లోపం అలాగే ఉండి, దాని మీద ఇంకో లోపం చేరుతుంది.

ఎగ్జాస్ట్ వైపు చూడాల్సినవి మూడు. టర్బోకు ముందే ఎగ్జాస్ట్ లీకైతే టర్బైన్‌కు చేరాల్సిన తోపు దారిలోనే పోతుంది. మానిఫోల్డ్ చుట్టూ, గ్యాస్కెట్ అంచుల్లో నల్లటి మసి చార కనిపిస్తుంది, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్‌మని వినిపించి వేడెక్కాక తగ్గుతుంది. వి ఆకారం ఇంజిన్లున్న పెద్ద పికప్‌లలో రెండు వైపుల నుంచీ టర్బోకు వచ్చే పైపుల అతుకులు ముఖ్యంగా చూడాలి. రెండోది ఈజీఆర్ వాల్వు మూసుకోకపోవడం. అప్పుడు టర్బైన్‌కు వెళ్లాల్సిన ఎగ్జాస్ట్ పక్కదారిన ఇన్‌టేక్‌లోకి పోతుంది, తోపు తగ్గుతుంది, తాజా గాలీ తగ్గుతుంది. మీరు చెప్పిన నల్ల పొగకు ఇది కూడా సరిపోతుంది, కాబట్టి హోస్‌ల తర్వాత దీన్ని తప్పక చూడండి. మూడోది డీపీఎఫ్ లేదా క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోవడం. టర్బైన్ తిరగాలంటే దాని ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉండాలి. వెనక దారి మూసుకుంటే ఆ తేడా పోతుంది. డీపీఎఫ్ డిఫరెన్షియల్ ప్రెషర్ రీడింగ్ ఐడిల్‌లో సున్నాకు దగ్గరగా ఉండి, రేజ్ చేస్తే కొద్దిగా పెరిగి వెంటనే తగ్గాలి. ఐడిల్‌లోనే ఎక్కువగా ఉంటే సంగతి అక్కడే ఉంది. ఆ సెన్సర్‌కు వెళ్లే రబ్బరు పైపులు పగిలినా తప్పు రీడింగ్ వస్తుంది, అది కూడా చూసుకోవాలి.

ఎయిర్ ఫిల్టర్ సంగతి అందరికీ తెలిసిందే. ఫిల్టర్ ఒక్కటే చూసి ఆపకుండా, ఫిల్టర్ డబ్బా ముందున్న గాలి గొట్టంలోకి టార్చి వేయండి. ఆకులు, ఎలుక గూడు, మెత్తబడి లోపలికి కుంగిన హోస్ నేను చూశాను.

డీజిల్ వైపు మాత్రం జనం తక్కువ చూస్తారు. టర్బో ఇంకోచోట ఇప్పటికే మార్చి, తృప్తి లేక రెండోసారి కూడా మార్చి నా దగ్గరికి తెచ్చిన బండి ఒకటుంది. లాగ్‌లో కింది ఆర్‌పీఎంలో అన్నీ సవ్యంగా ఉన్నాయి. పైకి వెళ్లేకొద్దీ రైల్ పీడనం అడిగిన దానికంటే జారుతోంది, దాని వెంటే బూస్ట్ జారుతోంది. పొగ మాత్రం అస్సలు లేదు. డీజిల్ ఫిల్టర్ కొత్తదే, ట్యాంకు లోపల పైపు చివరి జాలీ జిడ్డుతో మూసుకుపోయింది. బూస్ట్ తక్కువ, పొగ లేదు, శక్తి లేదు అన్న మూడూ కలిసి కనిపిస్తే ముందు ఇంధనం చూడండి. బూస్ట్ తక్కువ, నల్ల పొగ ఎక్కువ అంటే గాలి వైపు చూడండి. మీది రెండో రకం.

ఇవన్నీ బాగుంటేనే టర్బో. ఇంజిన్ ఆపి, చల్లారాక ఇన్‌టేక్ పైపు విప్పండి. పైపు లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి చెయ్యి దగ్గర పెట్టొద్దు, కంప్రెసర్ వీల్ గుడ్డనైనా వేలినైనా లాగేస్తుంది. వీల్ రెక్కల అంచులు విరగడం, దుమ్ముకు అరగడం, చుట్టూ హౌసింగ్‌కు రాసుకున్న గీతలు ఉన్నాయేమో చూడండి. షాఫ్ట్ పట్టుకుని పక్కలకు కదిపితే కొంచెం ఆట తెలియడం మామూలే. ఈ బేరింగులు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతాయి, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ పొర ఉండదు. ఈ పక్క ఆట చూపించి "టర్బో పోయింది" అనడం చాలాచోట్ల జరుగుతోంది. ముందుకూ వెనక్కూ లాగితే చేతికి తెలిసేంత ఆట ఉన్నా, పక్కకు నొక్కినప్పుడు వీల్ హౌసింగ్‌కు తగిలినా అప్పుడు టర్బో పోయినట్టే.

మార్చాల్సి వస్తే అది ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది బిగించనివ్వకండి. ఆయిల్ వచ్చే సన్నటి పైపులో, దాని బోల్టులో మసి గడ్డకట్టి ఉంటుంది, ఆ పైపు కూడా మార్చాలి. ఆయిల్ తిరిగి కిందికి దిగే పైపు ఎక్కడా నొక్కుకోకుండా ఉండాలి. పాత వీల్ ముక్కలు, ఆయిల్ ఇంటర్‌కూలర్‌లో మిగిలిపోతే అవి నేరుగా ఇంజిన్‌లోకి పోతాయి, కాబట్టి దాన్ని విప్పి కడగాలి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, టర్బోలో కాస్త ఆయిల్ పోసి, స్టార్ట్ చేశాక కాసేపు ఐడిల్‌లో వదలాలి. వెంటనే రేజ్ చేయొద్దు.

ట్యాంకులో పోసే, ఇన్‌టేక్‌లో కొట్టే టర్బో క్లీనర్ల గురించి కూడా మీరు వినే ఉంటారు. వేన్లు కొద్దిగా తటపటాయించే దశలో కొన్నిసార్లు తేడా కనిపిస్తుంది. గట్టిగా బిగిసిన రింగును అవి కదపలేవు, దాన్ని విప్పి శుభ్రం చేయాల్సిందే. చిరిగిన హోస్‌కు, పోయిన డయాఫ్రమ్‌కు వాటితో సంబంధమే లేదు.

మీ బండికి నేనైతే ఈ వరసలో వెళ్తాను: కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకుని, తాళం ఆన్‌లో మ్యాప్ సరిచూసి, వేడి మీద రోడ్డు లాగ్ తీసి, అడిగింది ఎక్కువ, వచ్చింది తక్కువ అయితే ప్రెషర్ టెస్ట్. అది పాసైతే ఈజీఆర్, ఆ తర్వాత చేతి పంపుతో యాక్చుయేటర్. మీ మెకానిక్ దగ్గర ప్రెషర్ టెస్ట్ మూత లేకపోతే హోస్ సైజుకు సరిపడే గట్టి మూతకు ట్యూబ్ వాల్వు బిగించి తయారు చేసుకోవచ్చు. పెద్ద ఖర్చు కాదు.

లోపం దొరికి బాగు చేశాక అదే రోడ్డు మీద, అదే గేరులో, అదే లోడుతో మళ్లీ లాగ్ తీయండి. వచ్చిన బూస్ట్ అడిగినదాన్ని వెన్నంటి ఉండాలి. హోస్ మార్చినట్టయితే రెండు మూడు సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారాక క్లాంపులు ఇంకోసారి బిగించండి. కొత్త రబ్బరు కాస్త కూర్చుంటుంది, క్లాంపు వదులవుతుంది.